అప్పన్న చెప్పని కారణం

2018 ఎండాకాలం. దుర్గ్ కోర్టులో నేను వకీలుగా నిలదొక్కుకుని అప్పటికి చాలా ఏళ్లయింది. నాన్నగారు ఆ ఊరి పక్కనున్న స్టీల్ ప్లాంటులో పనిచేసేవారు. సెక్టర్ 7 క్వార్టర్‌లో పుట్టి పెరిగినదాన్ని కాబట్టి, చుట్టుపక్కల తెలుగువాళ్లకు ఉద్యోగం కేసు ఏదైనా వస్తే ముందు నా గడపే తొక్కుతారు. తెలుగులో గోడు చెప్పుకోవచ్చని ఒక ధైర్యం, ఫీజు దగ్గర బేరమాడొచ్చని ఇంకో ధైర్యం.

అలా వచ్చిన క్లయింటే నూకరత్నం. జాముల్ వైపు ఒక చిన్న కార్ఖానా క్యాంటీన్‌లో వంట చేసేది. చెప్పాపెట్టకుండా పని మానేసిందని యాజమాన్యం ఆమెను తీసేసింది. నాలుగేళ్ల తర్వాత, నా ఉద్యోగం నాకిప్పించండని లేబర్ కోర్టుకు వచ్చింది. ఇన్నేళ్లు ఎందుకు ఆగావమ్మా అని ఎన్నిసార్లు అడిగినా ఒకటే జవాబు: "ఒంట్లో బాగోనేదు వకీలమ్మా, అంతే." ఆ 'అంతే' దగ్గర నాకు ఒళ్లు మండేది. కోర్టుకు 'అంతే' చాలదు.

ఒకరోజు ఆమె తనతో ఒక పెద్దాయనను తీసుకొచ్చింది. డెబ్బైకి దగ్గరపడిన మనిషి, ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

"ఈయన మా ఈధిలోని అప్పన్న మావ. అవతలి వకీలు కోర్టులో ఇచ్చిన కాగితాల మీద ఈయన పేరే ఉందట. మా పాప సదివి సెప్పింది" అంది.

అవతలి వకీలు దాఖలు చేసింది ఒక పాత హైకోర్టు తీర్పు. అప్పుడు పెద్ద కోర్టు ఇలా చెప్పింది, ఇప్పుడు మీరూ అలాగే చెప్పండి అని అడగడం మా వృత్తిలో సగం పని. ఆ తీర్పు ఏ సంవత్సరంలో, ఏ సంపుటంలో, ఏ పేజీలో ఉందో తెలిపే గుర్తును సైటేషన్ అంటారు. తీర్పును మాత్రం ఎవరూ అంకెలతో పిలవరు. కేసు వేసినవాడి పేరుతోనే పిలుస్తారు. 'అప్పన్న తీర్పు' అంటే మా బార్ రూమ్‌లో తెలియనివాళ్లు లేరు. 2000లో ఇక్కడి రాష్ట్రం విడిపోకముందు, మా హైకోర్టు జబల్‌పూర్‌లో ఉన్నప్పటిది. ఆలస్యంగా వచ్చిన కార్మికుడిని వెనక్కి పంపాలంటే యాజమాన్యాల వకీళ్లు ముందు దాన్నే తీస్తారు. ఆ పేరు వెనక ఒక మనిషి ఉన్నాడని, ఆయన జాముల్‌లోనే ఉంటున్నాడని నాకెన్నడూ తట్టలేదు.

"తల్లీ, అది నాను ఓడిపోయిన కేసు" అన్నాడు అప్పన్న. "ఓడిపోతే పోనాను. ఇప్పుడు నా పేరు సెప్పి ఈ పిల్ల నౌకరీ కొట్టేస్తారట. నా పేరు ఆ పుస్తకంలోంచి తీయించగలవేటి?"

"తీయలేం పెదనాన్నా. హైకోర్టు తీర్పు అది."

"మరి దీని మొకం నానెలగ సూసేది?"

నేను లైబ్రరీ నుంచి ఆ సంపుటం తెప్పించి, ఇద్దరినీ కూర్చోబెట్టి తీర్పు మొత్తం తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. తీర్పుకు పైన నాలుగు వాక్యాల సారాంశం ఉంటుంది. దాన్ని హెడ్‌నోట్ అంటారు. అది రాసేది జడ్జి కాదు, పుస్తకం వేసేవాళ్లు. అయినా దాన్నొక్కదాన్నే చదివి వాదించేవాళ్లు మా దగ్గర కోకొల్లలు. శుభలేఖ చదివి పెళ్లిభోజనం చేశామనే రకం. అప్పన్న తీర్పు హెడ్‌నోట్‌లో ఇలా ఉంది: ఏళ్లు గడిచాక వచ్చిన కార్మికుడికి ఉద్యోగం తిరిగి ఇవ్వనక్కరలేదు.

లోపల జడ్జి రాసింది వేరు. ఆలస్యానికి కారణమేమిటో ఈ కార్మికుడు చెప్పలేదు, తగిన కారణం చూపి ఉంటే అది వేరే విషయం అయ్యేది అని ఉంది. నిర్ణయం దేని మీద నిలబడిందో దాన్ని రేషియో అంటాం. కింది కోర్టులు కట్టుబడాల్సింది దానికే. ఈ తీర్పు నిలబడింది ఆలస్యం మీద కాదు, కారణం చెప్పకపోవడం మీద.

ఆ వాక్యం విని అప్పన్న లేచి నిలబడ్డాడు.

"కారణం నేదని ఎవులన్నారు?"

"మీరు చెప్పలేదని రాశారు పెదనాన్నా."

ఆయన మళ్లీ కూర్చున్నాడు. "బిడ్డ పుట్టి పోయినాక మా ఇంటిదానికి మతి నిలవనేదు. పలాస తీసుకెల్లిపోనాను. కన్ను మూస్తే నుయ్యి కాడికి ఎల్లిపోయేది. ఐదేళ్లు దాని సెయ్యి వొదల్నేదు. మా వకీలు అడిగేడు, 'కోయీ బీమారీ థీ క్యా', జబ్బేటైనా సేసిందా అని. నాను నేదన్నాను. ఇంటి ఆడమనిషికి పిచ్చని కోర్టులో సెప్పుకుంటారేటి తల్లీ?"

నూకరత్నం తల వంచుకుంది. అప్పన్న ఆమె వైపు తిరిగాడు.

"రత్నం, నీకేటయిందో సెప్పీ. ఆరోజు నాను మూసుకున్న నోరు ఇన్నేళ్లూ ఎంతమందికి అడ్డం పడిందో ఇన్నావు కదా."

"పాపకి సంబంధాలు సూస్తన్నాం మావా..."

"సూడు. ముందు నువ్వు బతకాల కదా."

అప్పుడు చెప్పింది. ఆమెకు వచ్చింది టీబీ. మధ్యలో మందులు ఆపేస్తే తిరగబెట్టింది. మొండికేసిన జబ్బు ఏళ్లతరబడి మంచాన పడేసింది. నయమైందని రాసిన చీటీతో సహా ప్రభుత్వాసుపత్రి చీటీలన్నీ బియ్యం డబ్బా వెనక దాచిపెట్టింది. వంటమనిషికి టీబీ అంటే ఏమవుతుందో ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు.

కోర్టు అనుమతితో ఆ కారణం రాసి, చీటీలు జతచేసి దాఖలు చేశాను. విచారణ రోజు అప్పన్న వెనక బెంచీలో కూర్చున్నాడు. నూకరత్నం బోనులోకి వెళ్లింది. అవతలి వకీలు గొంతు పెంచి అడిగాడు: "జబ్బయితే అప్పుడే యాజమాన్యానికి ఎందుకు చెప్పలేదు?"

ఆమె హిందీలో మెల్లగా చెప్పింది: "చెబితే నా చేతి రొట్టె ఎవరు తింటారు సాహెబ్?"

జడ్జిగారు రాస్తున్న కలం ఆపి ఆమె వైపు చూశారు.

వాదనలో అవతలి వకీలు హెడ్‌నోట్ చదివి కూర్చున్నాడు. నేను లోపలి పేరా చదివాను. పాత తీర్పును తప్పు పట్టకుండానే, అక్కడి సంగతి వేరు, ఇక్కడి సంగతి వేరు అని చూపించడాన్ని డిస్టింగ్విష్ చేయడం అంటారు. నేను చేసింది అంతే. నూకరత్నానికి ఉద్యోగం ఇవ్వమని అవార్డు, అంటే లేబర్ కోర్టు తీర్పు, వచ్చింది. మానేసిన కాలానికి జీతం ఇవ్వలేదు. ఆమెకు అదేం పట్టలేదు, కోర్టు వరండాలోనే అప్పన్న కాళ్లకు దండం పెట్టి ఏడ్చింది.

అప్పన్న మాత్రం తన పేరున్న వాక్యం చదవమన్నాడు. చదివాను: 'అప్పన్న తీర్పు ఈ కేసుకు వర్తించదు. అక్కడ కార్మికుడు తన ఆలస్యానికి ఏ కారణమూ చూపలేదు.'

"అంటే మల్లీ అదే రాసేరు" అన్నాడు ఆయన, కాస్త నవ్వుతూ. "కానీలే. ఇప్పుడు నా కారణం ఎక్కడైనా రాయించొచ్చా?"

"ఆ ఫైలు ఎప్పుడో మూసేశారు పెదనాన్నా."

ఆ రోజు నుంచి ఏ తీర్పు చేతికొచ్చినా ముందు అందులోని మనుషుల కథ చదువుతాను, చట్టం సంగతి ఆ తర్వాతే. నా జూనియర్లకూ అదే చెబుతాను. క్లయింటు 'అంతే' అంటే ఇప్పుడు విసుక్కోను. కుర్చీ దగ్గరికి లాక్కుని ఇంకోసారి అడుగుతాను.

ఈ సంగతి రాస్తానని అప్పన్నను అడిగితే వెంటనే ఒప్పుకున్నాడు. పేర్లు మార్చనా అన్నాను. వద్దన్నాడు. "నా పేరు ఎలగూ పుస్తకంలో ఉంది. మా ఇంటిదాని పేరు కూడా రాయి తల్లీ."

ఆవిడ పోయి కొన్నేళ్లయింది. అప్పన్న ఆలస్యంగా రావడానికి కారణం ఉంది. ఆవిడ పేరు చిన్నమ్మి.