నాయన కంప్యూటర్ చూసిన వాన

మా ఇంట్లో ఇప్పుడు తాళం వేసి ఉంచదగ్గ వస్తువు ఒక్కటే, నాయన కొన్న కంప్యూటర్. వేరుశనగ నూనె మిల్లు, జీపు, రోడ్డు పక్క పొలం, అన్నీ ఒకదాని వెనక ఒకటి మర్యాదగా సెలవు తీసుకున్నాయి. కంప్యూటర్‌ను మాత్రం ఎవరూ అడగలేదు. కాబట్టి దాన్ని మేం అమ్ముకోలేదని తలెత్తుకుని చెప్పుకోవచ్చు.

మా ఇంటి పతనం మొదలై ఇంకా ఊరికి తెలియని రోజుల్లో దాన్ని కొన్నాడు నాయన. మిల్లు యంత్రానికి సామాను తేవడానికని బెంగళూరు పోయి, కంబళ్లలో చుట్టిన దీన్ని జీపులో వేసుకుని వచ్చాడు. మిల్లు ఆగిపోయింది గానీ బెళుగుప్ప చుట్టుపక్కల మొట్టమొదటి కంప్యూటర్ మాదయింది. బరువైన ఇనుప పెట్టె, మీద చిన్న తెర, దాంట్లో పచ్చటి అక్షరాలు, పెట్టె ముందువైపు నోళ్లలాంటి రెండు చీలికలు. దాని గదిలోకి చెప్పులతో పోకూడదు. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క టేబుల్ ఫ్యాను అవ్వ మంచం దగ్గర్నుంచి దాని దగ్గరికి మారింది. ఎంత ఉక్కపోసినా అవ్వ చెడిపోదని నాయన నమ్మకం.

దసరాకు ఆయుధపూజ చేసేటప్పుడు దానికీ పసుపు, కుంకుమ పెట్టేవాళ్లం. అక్షింతలు మాత్రం పైన చల్లేవాళ్లం కాదు. నోరున్న యంత్రానికి నోట్లో పెట్టకుండా నెత్తిన చల్లడం నాయనకు మర్యాదగా తోచలేదు. ఏటా పిడికెడు ఆ చీలికలో పోసేవాడు.

విత్తనాల కాలంలో రైతులు వచ్చి గడప బయట నిలబడేవారు.

"ఏమంటాందయ్యా మీ మిషను? గింజ ఎయ్యమంటాందా?"

నాయన స్విచ్చి వేసేవాడు. పెట్టె కాసేపు గురగురమని, తెర మీద ఒక పచ్చటి వాక్యం వచ్చేది. కళ్లద్దాలు పెట్టుకుని దాన్ని తీరిగ్గా చూసి చెప్పేవాడు.

"ఈ పక్షం లేదంటాంది."

మా సీమలో వాన రాదని చెప్పినవాడికి తలవంపులు రావడం అరుదు. ఆ ఏడు రాలేదు. మరుసటి ఏడూ రాలేదు. వస్తుందని రోజూ చెప్పిన రేడియో పరువు పోయింది, మా పెట్టె పరువు పెరిగింది. యాడికి అనే ఊరి నుంచి బస్సెక్కి వచ్చి అడిగినవాళ్లున్నారు. ఒకసారి మాత్రం లేదన్న పక్షంలోనే వంకలు పొంగాయి. కరెంటు సరిగా లేక తప్పు చూపిందని నాయన చెబితే, ఊరంతా కరెంటునే తిట్టుకుంది.

నాయన బతికి ఉన్నంతకాలం ఆ తెర ముందు ఇంకెవరూ కూర్చోలేదు. పోయాక దానికి ఎవరూ కరెంటే పెట్టలేదు.

మొన్న బెంగళూరు నుంచి ఒక కుర్రవాడు వచ్చాడు. పాత కంప్యూటర్లతో ప్రదర్శనశాల పెడుతున్నాడట. వెలిగితే తీసుకుంటానన్నాడు. అమ్మడం కాదు, ఊరికే ఇస్తానన్నాను. నేను కోరింది ఒక బోర్డు. దాని మీద నాయన పేరు, కింద 'ఈ ప్రాంతంలో మొదటి కంప్యూటర్' అన్న మాట. మిల్లు గోడ మీద ఇప్పుడు సిమెంటు ప్రకటన ఉంది. ఆయన పేరు నిలవడానికి నాకు మిగిలిన చోటు ఆ బోర్డే.

మా అత్త, అంటే నాయన చెల్లెలు, గడప దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. ముందు ఆ కుర్రవాడి చేత బూట్లు విప్పించింది.

అతను వెనక రేకు మీది ముద్ర చూశాడు. "ఇది చిట్టచివర బిగించిన వాటిలోది సార్. దీని తరవాతి మోడల్ వచ్చాక నగరంలో దీన్ని ఎవరూ కొనలేదు. దుకాణాలవాళ్లు మిగిలిన సరుకు ఎట్లో వదిలించుకున్నారు."

వాళ్లు ఎట్లో వదిలించుకున్నదాన్నే మేం కంబళ్లలో చుట్టి తెచ్చుకున్నాం. మా ఇంటి ఆనవాయితీకి అది విరుద్ధమేమీ కాదు.

మూత తీయగానే పసుపు బియ్యం జలజల రాలాయి.

"చూసుకోప్పా, అక్షింతలు. కాలికింద పడనీయొద్దు," అంది అత్త.

అతను బుద్ధిగా వాటిని ఒక కాగితంలోకి ఎత్తాడు. దుమ్ము దులిపి, తీగలు సరిచేసి, స్విచ్చి వేశాడు. పెట్టె గురగురమంది. పచ్చటి వాక్యం వచ్చింది. నా వెన్ను ఇంకాస్త నిటారైంది.

"ఫ్లాపీ పెట్టమని అడుగుతోంది సార్. ఈ మోడల్‌కు సొంతంగా ఏమీ గుర్తుండదు, పనంతా ఆ చీలికలో పెట్టే ఫ్లాపీలోనే ఉంటుంది. ఏవి మీ ఫ్లాపీలు?"

"లేవు."

"ఎప్పుడూ లేవా?"

"నేను చూడలేదు."

"అయితే ఈ ఒక్క వాక్యం తప్ప దీనికి ఇంకేమీ రాదు. మరి మీ నాయనగారు దీంతో ఏం చేసేవారు?"

నాకంటే ముందు అత్త చెప్పేసింది. "వాన చూసేటోడు."

అతను కడుపు పట్టుకుని నవ్వాడు. "బోర్డు మీద ఇదే రాద్దాం సార్! వాన జోస్యం చెప్పిన కంప్యూటర్. ఈ బియ్యం కూడా అద్దాల పెట్టెలో పెడతాం. జనమంతా దీని దగ్గరే ఆగి నవ్వుకుంటారు. మీ నాయనగారి పేరు పెద్దక్షరాల్లో వేస్తాం."

నేను అడిగినదానికంటే పెద్ద అక్షరాలే. మూత బిగించి, టీ తాగి వెళ్లమన్నాను.

"మీ ఇష్టం సార్. పాత ఇనుము కొనే గుజరీకి తప్ప ఇంకెక్కడికీ పోదు ఇది."

"గుజరీవాడు తూకం వేస్తాడు. నవ్వడు," అన్నాను.

అతను వెళ్లాక అత్త కుర్చీ ముందుకు జరుపుకుంది. "ఇంగొకసారి ఎయ్యి నాయనా."

వేశాను. వాక్యం వచ్చింది.

"ఏమంటాంది?"

కళ్లద్దాలు పెట్టుకున్నాను. ఎంతసేపు చూడాలో అంతసేపూ చూశాను.

"ఈ పక్షం లేదంటాంది అత్తా."

"దానికి అబద్ధం చేతగాదు," అంటూ ఆమె కాగితంలోని అక్షింతలు చేతిలోకి తీసుకుంది. "ఇవి మళ్లా ఆ నోట్లోనే పొయ్యల్నా?"

పొయ్యమన్నాను.