నైరుతి అద్దం తలుపు

మా చిన్నప్పుడు సింగపూర్‌లో అద్దె ఇల్లు చూడ్డానికి వెళ్ళి, అమ్మ ఒక అద్దం తలుపు ముందు అలాగే నిలబడిపోయింది... నాన్న గదులు చూస్తున్నారు, తమ్ముడు మెట్లెక్కి దిగుతున్నాడు. అమ్మ మాత్రం కదల్లేదు.

కంప్యూటర్ ఉద్యోగాల కోసం మనవాళ్ళంతా విమానాలెక్కుతున్న రోజులవి. మేం వదిలి వచ్చింది బెజవాడ సందులో వెలుతురు చొరబడని రెండు గదులు. ఇదేమో, ఒకప్పుడు దొరలు తమ ఊరి మీద బెంగతో కట్టుకున్న పేట... వీధులకు ఇంగ్లీషు పల్లెల పేర్లు, పొట్టి ప్రహరీలు, పచ్చిక. ఆ ఇల్లు అరవైల నాటిది. ఏటవాలు కప్పు, మొజాయిక్ గచ్చు, హాలుకీ వంటింటికీ మధ్య గోడే లేదు. వెనకవైపు నేల నుంచి కప్పు దాకా పక్కకు జరిగే అద్దం తలుపు. ఎప్పటికైనా పడగొట్టేదే కాబట్టి అద్దె తక్కువ.

అమ్మ కుట్టుమిషను ఆ తలుపు దగ్గరే వేసుకుంది. సాయంత్రం ఎండ గచ్చు మీద సాగుతుంటే జాకెట్లు కుడుతూ కూనిరాగాలు తీసేది... అమ్మకి పాట వచ్చని మాకు అప్పటిదాకా తెలియదు.

నాన్న స్నేహితులు మూర్తి అంకుల్ ఆదివారాలు జురాంగ్ వెస్ట్ నుంచి వచ్చేవారు. మొదటిరోజే ఆ తలుపు చూసి టీ కప్పు పక్కన పెట్టేశారు.

"నైరుతిలో ఇంత ఖాళీ ఏంటయ్యా రవీ? ఆ మూల బరువుండాలి. ఇలా బార్లా తెరిచి పెడితే లక్ష్మి నిలుస్తుందా?"

"లక్ష్మి సంగతేమో గానీ అన్నయ్యగారూ, కాస్త గాలి నిలుస్తోంది," అంది అమ్మ.

అందరికన్నా ఎక్కువ నవ్వింది నాన్నే.

తర్వాత ఆ కంప్యూటర్ కంపెనీలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. నాన్నదీ మూసేశారు. ఉద్యోగం పోతే ఇక్కడ ఉండే పాసూ పోతుంది... కొద్ది వారాల్లో ఇంకోటి దొరక్కపోతే తిరుగు ప్రయాణమే. నాన్న పొద్దస్తమానం ఫోను పక్కనే కూర్చునేవారు. కూర్చుని కూర్చుని, ఆయన చూపు మెల్లగా ఆ తలుపు మీదకి పోవడం మొదలైంది.

ఒక మధ్యాహ్నం ఆయనా మూర్తి అంకులూ కలిసి పడగ్గదిలోని పెద్ద చెక్క బీరువాను ఈడ్చుకొచ్చారు.

"పడగొట్టే ఇంటికి వాస్తేంటండీ," అంది అమ్మ.

"పడగొట్టేదాకా మనం ఉండాలిగా శారదా."

ఆ గొంతు విన్నాక అమ్మ తనే మిషను పక్కకి లాగింది. అద్దానికి అడ్డంగా బీరువా, పైన సూట్‌కేసులు, పక్కన కప్పుదాకా అట్టపెట్టెలు...

"సో డార్క్ లా, డాడీ," అన్నాడు తమ్ముడు, బడిలో నేర్చిన సింగపూర్ యాసలో. నాన్న ట్యూబులైటు వేశారు.

ఆ వారమే నాన్నకి ఉద్యోగం వచ్చింది.

రాకపోతే బాగుండేదని ఎలా అంటాను? కానీ రాకపోయి ఉంటే ఎవరో ఒకరు విసుగెత్తి ఆ బీరువా జరిపేసేవాళ్ళు. వచ్చింది కాబట్టి ఇక దాన్ని ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేకపోయింది... అమ్మకి కూడా. ఒకసారి ఊడుస్తూ నేను కాస్త జరపబోతే చెయ్యి పట్టుకుంది. "వద్దే తల్లీ... నాలుగు మెతుకులు తింటున్నాం," అంది.

కొన్నాళ్ళు ట్యూబులైటు కింద కుట్టింది. తర్వాత మిషను మూసేసింది. పాట ఎప్పుడు ఆగిందో మేమెవరం గమనించలేదు. ఇల్లు పడగొట్టే నాటికీ ఆ తలుపు అలాగే ఉంది.

ఇప్పుడు నాది సింగపూర్‌లోనే, బిషాన్‌లో ఫ్లాటు. పెద్ద కిటికీ చూసే తీసుకున్నాను. మొన్న అమ్మ వచ్చింది. ఆ వెలుతురు చూసి ఏదైనా అంటుందని ఆశపడ్డాను... "ఇది ఏ మూలే?" అంది.

"తెలీదమ్మా."

"అయితే తెలుసుకోకు," అని కిటికీకి వీపు పెట్టి కూర్చుంది.

ఈమధ్య మా ఆయన ఆఫీసులో మనుషుల్ని తీసేస్తున్నారు. చదువుకున్నదాన్నే, ఉద్యోగానికీ కిటికీకీ సంబంధం లేదని తెలుసు... నిన్న ఫోనులో దిక్సూచి తెరిచాను. చూడకుండానే మూసేశాననుకుంటున్నాను.

మీ ఇళ్ళల్లోనూ ఇలా మూసేసిన తలుపులు ఉండే ఉంటాయి... వాటిని మళ్ళీ తెరిచి, ఏమీ కాలేదని చెప్పగలిగేవాళ్ళు ఒక్కరైనా ఉంటే, కింద ఒక్క మాట రాయండి.