అరచేతికి అందిన ఆల్బం

నరసరావుపేటలో టేప్‌రికార్డర్లు బాగుచేసే భాయ్, స్పీకరు మీద అరచెయ్యి పెట్టి జబ్బు చెప్పేవాడు. ఎనభైల్లో ఆయన్ను ఓడించిన మిషన్ లేదు. నేను నా టేప్‌రికార్డరుకి ప్లగ్గు వైరు మార్పించుకుని, పరీక్షకని డూమ్ మెటల్ అనే నత్తనడక రాక్ సంగీతంలో పాతకాపులైన ఒక బ్యాండు ఆల్బం క్యాసెట్టు పెట్టాను.

"మోటారు ఈడుస్తంది," అన్నాడు భాయ్.

"పాటే అంత, భాయ్."

"చదువుకున్నోడివి, నువ్వూరుకో."

బెల్టు మార్చాడు, మోటారు మార్చాడు. పాట మాత్రం నాపరాళ్ళ లారీ ఎత్తెక్కుతున్నట్టే సాగింది. పక్క కొట్లవాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు. చివరికి సినిమా పాట పెడితే అది చక్కగా పరిగెత్తింది. అప్పుడు మళ్ళీ నా క్యాసెట్టు పెట్టి, అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకున్నాడు.

"ఇంత నిదానంలో ఒక్క డ్రమ్ము దెబ్బ జారలేదు. ఈళ్ళు చానా పెద్ద పనోళ్ళు, బాబూ!"

నన్నడక్కుండానే క్యాసెట్టు రెండోవైపు తిప్పాడు. ఆర్నెల్లుగా నా దగ్గరే ఉన్న ఆ ఆల్బాన్ని నేను అప్పుడే మొదటిసారి నిజంగా విన్నాను.