సారె సున్నుండలతో నాలుగో ఎక్కం

పెళ్ళయిన పదకొండో రోజున, నాలుగంటే నాలుగు సున్నుండలతో మా అత్తవారి వైపు బంధుత్వాన్ని తెంపబోయిన ఘనురాలిని నేను. ఇప్పుడు నవ్వుతూ రాస్తున్నాను గానీ, ఆరోజు పుట్టింటికి వెళ్ళే రైలు ఎన్ని గంటలకో మనసులో చూసుకున్నాను. ఖరగ్‌పూర్‌లో అదొక్క సుఖం ఉంది, ఏ వేళకైనా ఏదో ఒక రైలు దొరుకుతుంది.

అప్పటికి నా బీఎడ్ పూర్తయి రెండు నెలలు. దేశంలో పిల్లలంతా లెక్కలు రాక నాకోసమే ఎదురుచూస్తున్నారని నా గట్టి నమ్మకం. అక్కడి ఖరిదా పేటలో ఉన్న మా అత్తవారింట్లో అలాంటి పిల్ల దొరకనే దొరికింది. మా బావగారి కూతురు మిన్నుకి ఏడేళ్ళు. ఎక్కాలంటే చాలు, కడుపునొప్పి వచ్చేసేది. మర్నాడు బళ్ళో నాలుగో ఎక్కం అప్పజెప్పాలి. పొద్దున్నుంచీ గోడవైపు తిరిగి "నాలుగొకట్ల నాలుగు, నాలుగు రెళ్ళు..." అని ఆగిపోవడం, కళ్ళు తుడుచుకోవడం, మళ్ళీ మొదలుపెట్టడం.

"నాకు బుర్ర నేదు పిన్నీ" అంది చివరికి. నా ప్రాణం ఉసూరుమంది.

సరిగ్గా ఆరోజే మా పుట్టింటి నుంచి సారె వచ్చింది. అత్తయ్య సున్నుండల్ని ముందుగదిలో పేపర్ల మీద తొమ్మిది కుప్పలు పెట్టారు.

"ఇయన్నీ కవర్లలో ఎట్టమ్మా. ఒకటి మనకి. మిగతాయి ఏ కుప్ప ఎవులదో మిన్నుకి సెప్పినాను, అది ఇచ్చొస్తాది" అని బజారుకు వెళ్ళారు.

చూస్తే ఒక కుప్పలో ఎనిమిది, ఒకదాంట్లో ఆరు, ఇంకోదాంట్లో రెండే. మా పుట్టింటి వీధిలో ఎవరి సారె వచ్చినా గడపకు రెండు, అంతే. పాపం అత్తయ్య హడావుడిలో చేతికొచ్చినట్టు పోసేశారనుకున్నాను. చదువుకున్న కోడలు ఉన్నది ఇంకెందుకు?

"మిన్నూ, పుస్తకం మూసెయ్. ఈ కుప్పలన్నీ సమానం చెయ్."

"నానమ్మ తిడతాది."

"తిట్టదు, మెచ్చుకుంటుంది."

పెద్ద కుప్పల్లోంచి తీసి చిన్నవాటిలో వేసింది. తొమ్మిదింట్లోనూ నాలుగేసి తేలాయి.

"ఒక కుప్పకి నాలుగు. రెండు కుప్పలకి?"

"ఎనిమిది."

"మూడింటికి?"

"పన్నెండు!" తొమ్మిదో కుప్ప దగ్గరికి వచ్చేసరికి దాని కళ్ళు వెలిగిపోయాయి. "ముప్పై ఆరు! పిన్నీ, ఎక్కం అంటే ఇదేనేటి? ఒట్టి కుప్పలేనేటి?" అని గెంతింది. నేనూ గెంతాను. కొత్త కోడలు గెంతవచ్చా అని మీరు అడక్కండి.

ఆ ఊపులోనే కవర్లు కట్టి, మిన్నుని మా ఆయన బండెక్కించి ఎనిమిదిళ్ళకూ పంపేశాను.

అత్తయ్య తిరిగొచ్చి మా ఇంటి కవరు విప్పారు. "నాలుగున్నాయేటి? మనకి మూడే కదా ఎట్టినాను?"

"అందరికీ సమానం చేశామండీ" అన్నాను, మెడలో దండ పడుతుందేమో అన్నట్టు తలవంచి.

"పూరీ గేట్ మామ్మకి?"

"నాలుగు."

"కింద వాటా కాకీమాకి?"

"నాలుగేనండీ."

అత్తయ్య కూరల సంచీతో సహా కూలబడ్డారు. పూరీ గేట్ మామ్మ అంటే పూరీ గేట్ పేటలో ఉండే మా మామగారి అక్క. ఆయనకు రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగం వచ్చేదాకా తన ఇంట్లో పెట్టుకుని అన్నం పెట్టిన మనిషి. ఈ ఇంట ఏ సారె వచ్చినా వరస చూసి పంచుతారట, మొదటి వాటా ఆవిడదట, అది ఎనిమిదట. ఇవన్నీ నాకు అప్పుడు తెలిశాయి.

"ఇన్నేళ్ళలో ఆవిడ సేత ఒక్క మాట పడ్నేదు. ఇయ్యాల పడతాను" అన్నారు అత్తయ్య.

గంట తిరక్కుండా మామ్మ టోటో రిక్షా దిగారు, చేతిలో అదే కవరు. ఆవిడ గుమ్మంలో అడుగుపెట్టిన క్షణానే, ఏళ్ళ తరబడి రెండేసి సున్నుండలు తింటున్న కింద వాటా బెంగాలీ ఆవిడ కాకీమా పాయసం గిన్నెతో పైకొచ్చింది. "దీదీ, ఈసారి చార్టే! నాలుగు! మీ కొత్త బౌమా, కొత్త కోడలు, బహుత్ అచ్ఛా!"

"ఇన్నావేటి మరదలా?" అన్నారు మామ్మ. "ఆవిడకీ నాలుగే, నాకూ నాలుగే. ఇంక నానెవులిని మీకు?" ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అరిచినా బాగుండేది.

మిన్ను మా ఇంటి కవరు పట్టుకుని వచ్చింది.

"మామ్మా, కుప్పలు సమానంగా నేకపోతే ఎక్కం రాదు. అందుకే సేసినాం. నువ్వు రెండిళ్ళు అనుకో. ఇదీ నీదే." రెండో కవరు ఆవిడ చేతిలో పెట్టింది. "నాలుగు రెళ్ళు ఎనిమిది."

మామ్మ మిన్నుని ఎగాదిగా చూశారు. "నీకు ఎక్కం వచ్చీసినాదేటే? ఏదీ, సెప్పు."

గోడవైపు తిరక్కుండా ముప్పై ఆరు దాకా గడగడా చెప్పి, ఆగింది.

"నాలుగు పదులో?"

"పదో ఇల్లు నేదు కదా మామ్మా."

మామ్మ ఒళ్ళంతా కదిలేలా నవ్వారు. "రేపు బళ్ళో అడిగితే మా పక్కింటోళ్ళని కలుపుకో!" అని దాన్ని ఒళ్ళోకి లాక్కుని నోట్లో ఒక సున్నుండ కుక్కారు. తర్వాత నావైపు తిరిగారు.

"నీ సారె నువ్వు రుసి సూసినావేటి?"

లేదని తలూపాను. ఆవిడ ఒకటి తీసి నా చేతిలో పెట్టారు. మా అమ్మ చేతి నెయ్యి వాసన. నేను ఏడ్చేశాను, సిగ్గు విడిచి చెబుతున్నాను.

మర్నాడు మిన్ను నలభై దాకా చెప్పి వచ్చింది. మామ్మ మాత్రం ఇప్పటికీ ఎవరి సారె వచ్చినా "మా రెండిళ్ళ వాటా ఏదీ?" అని కబురు పెడతారు.

కనుక సభాముఖంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై చింతపిక్కలతోనే ఎక్కాలు చెబుతాను, అత్తయ్య పేర్చిన కుప్ప జోలికి చచ్చినా పోను. సున్నుండ మీద ఒట్టేద్దామనుకున్నాను గానీ, అది ఎవరి వాటాలోదో అత్తయ్యను అడిగి వేస్తాను.