ఆ వాగు దగ్గర భయపడింది నేను కాదు

ఈ మధ్య డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో మా అబ్బాయి ఇంటి ముందు నుంచి ఒక కొయోటీ నడిచి వెళ్ళింది. తలుపు దగ్గరి కెమెరాలో పడింది. నక్క కన్నా పెద్దది, తోడేలు కన్నా చిన్నది, సన్నటి కాళ్ళు, ఎవరింటికో పని మీద వెళ్తున్నట్టు తీరుబడి నడక. ఆ వీధి వాట్సాప్ గ్రూపులో పొద్దుటి నుంచీ ఒకటే గోల: కుక్కపిల్లల్ని లోపల పెట్టుకోండి, పిల్లల్ని బయటికి పంపకండి అని. మా కోడలు ఆ వీడియో నాకు చూపించి, "మామయ్యగారూ, మీరు చూడకండి. మీకు కొయోటీలంటే భయం కదా" అంది. ఎవరు చెప్పారమ్మా అన్నాను. పెళ్ళికి ముందే విన్నదట. పెదనాన్నగారు చెప్పారట, అందరికీ తెలుసట. నేను కాఫీ కప్పు కింద పెట్టేసి నా గదిలోకి వెళ్ళిపోయాను. నలభై ఏళ్ళు దాటింది, ఆ అబద్ధం ఇంకా నా ఇంట్లోనే తిని తిరుగుతోంది.

ఆ పెదనాన్నగారు మా తోడల్లుడు, మా ఆవిడ అక్కగారి భర్త. నాకన్నా నాలుగేళ్ళు పెద్ద. నేను ఆయన్ని అన్నయ్యగారూ అనేవాణ్ణి, ఆయన నన్ను తమ్ముడూ అనేవాడు. డల్లాస్‌కి మాకన్నా ముందు వచ్చాడు. మేము దిగిన కొత్తలో మూడు వారాలు వాళ్ళింట్లో ఉన్నాం. ఆ మూడు వారాల సంగతి ఆయన ఏ సందర్భంలోనూ మరిచిపోనివ్వలేదు. అవి ఎనభైల మొదటి రోజులు. తెలుగు క్రైస్తవ కుటుంబాలు మొత్తం ఎనిమిది. ఒక అమెరికన్ చర్చివాళ్ళు, పొద్దున వాళ్ళ ఆరాధన అయిపోయాక, మధ్యాహ్నం మూడింటికి హాలు మాకు ఇచ్చేవాళ్ళు. వాళ్ళ కాఫీ వాసన ఇంకా పోకముందే మా కూర వాసన మొదలయ్యేది. ఆ సంఘానికి పెద్ద మా తోడల్లుడు. ఒక నవంబరులో ఆయన లేచి, "థాంక్స్‌గివింగ్ ప్రేమ విందుకి మా తమ్ముడు ఈసారి జింకని తెస్తున్నాడు, దేవునికి స్తోత్రం" అన్నాడు. నన్ను ఒక్క మాట అడగలేదు. నేను మా ఫ్యాక్టరీలో పనిచేసే ఒక ముసలి టెక్సాస్ ఆయన దగ్గర రెండేళ్ళుగా రైఫిల్ నేర్చుకుంటున్నానని ఆయనకి తెలుసు, అంతే. అడగకపోయినా నాకు కోపం రాలేదు, నిజం చెప్పాలంటే గర్వం వచ్చింది. అందుకే ఇప్పుడు కోపం రెట్టింపు.

ఆ టెక్సాస్ పెద్దాయనకి డల్లాస్‌కి పడమరగా రెండు గంటల దూరంలో పశువుల మేత భూమి ఉండేది. దేవదారు పొదలు, ముళ్ళ చెట్లు, మధ్యలో ఎండిన వాగు. నన్ను రమ్మన్నాడు, పడుకోవడానికి తన చెక్క గది ఇచ్చాడు. ఒకే ఒక్క షరతు పెట్టాడు. "పేల్చాక పది నిమిషాలు ఆగు, ప్రాణం పోవాలి. అంతకు మించి ఆగకు. ఇక్కడ తుపాకీ మోత వినిపిస్తే కొయోటీలకి భోజనానికి పిలిచినట్టే. చంపిన జంతువుని వదిలేసే మనిషికి నా గేటు తెరుచుకోదు." థాంక్స్‌గివింగ్‌కి ముందు శనివారం బయల్దేరాను. సంఘం తరఫున తోడుగా మా తోడల్లుడు వచ్చాడు, ఇద్దరం ఆయన స్టేషన్ వ్యాగన్‌లోనే వెళ్ళాం. ఆయనకి వేట లైసెన్సు లేదు, తుపాకీ లేదు. మా వదిన చేసిచ్చిన చేగోడీల డబ్బా ఉంది. జింకలు గాలి కదిలినా చెవులు రిక్కించే చోట కూర్చుని ఈయన మధ్యాహ్నమంతా కరకరలాడించాడు. "అన్నయ్యగారూ, కాస్త మెల్లగా" అంటే, "నోట్లో నానబెట్టుకుంటున్నా తమ్ముడూ, ఇంకేం చెయ్యను?" అన్నాడు.

అయినా వచ్చింది. పొద్దు వాలుతుండగా వాగు గట్టు మీదకి మగజింక ఒకటి, ఎనిమిది కొనల కొమ్ములతో, మా వైపు పక్కకి తిరిగి నిలబడింది. పెద్దాయన కాగితం మీద బొమ్మ గీసి చూపించిన చోటే, ముంగాలి వెనక, గుండు తగిలింది. ఒక్క గెంతు గెంతి వాగులోకి దూసుకుపోయింది. పొదలు విరిగిన చప్పుడు, తర్వాత నిశ్శబ్దం. నా జీవితంలో నేను అంత సరిగ్గా చేసిన పని మరొకటి లేదు. పది నిమిషాలు గడియారం చూసుకుని లేచాను. ఆయన నా చెయ్యి పట్టుకుని, "ముందు కృతజ్ఞత చెల్లించుకుందాం తమ్ముడూ" అన్నాడు. కాదంటానా? టోపీ తీసి కళ్ళు మూసుకున్నాను. మా వైపు ప్రార్థన సంగతి తెలిసినవాళ్ళకి చెప్పనక్కరలేదు. సృష్టి దగ్గర మొదలుపెట్టాడు. ఇక్కడి ఎనిమిది కుటుంబాలు, అక్కడ గుంటూరులో జబ్బుపడ్డవాళ్ళు, గ్రీన్ కార్డులు రానివాళ్ళు, ఒక్కరినీ వదల్లేదు. అంతలో వాగు అవతల ఒక కొయోటీ ఊళ పెట్టింది. ఇవతల నుంచి ఇంకొకటి బదులిచ్చింది. తర్వాత ఎన్నో చెప్పలేను. ఒక కన్ను తెరిచి చూశాను. ఆయన రెండూ తెరిచే ఉన్నాడు.

ఆమెన్ అనేసరికి చీకటి పడింది. "పద, కారెక్కుదాం. ప్రార్థనలో నాకు జవాబొచ్చింది, పొద్దున్నే రమ్మన్నాడు" అన్నాడు.

"ఎవరు రమ్మన్నది? పొద్దుటికి ఏం మిగలదు అన్నయ్యగారూ. రెండు వందల అడుగులు, టార్చ్ ఇవ్వండి, నేను వెళ్తాను."

"టార్చ్ ఒక్కటే ఉంది. నాకొద్దూ?"

టార్చ్ పట్టుకుని కారు వైపు పరుగు పెట్టాడు. ముప్పై ఆరేళ్ళ మనిషి, సంఘ పెద్ద. నేను చీకట్లోనే వాగు గట్టు దాకా దిగాను. కింద గురగురలు వినిపించాయి. అరిస్తే అవి పక్కకి తప్పుకునేవి, పెద్దాయన అదీ చెప్పాడు. కానీ పైనుంచి హారన్ మొదలైంది. ఆపకుండా కొడుతూ, మధ్యలో కిటికీలోంచి "వస్తావా, వదిలేసి పోనా?" అని కేకలు. చేతిలో వెలుతురు లేదు. వెనక్కి వచ్చాను. నా వైపు తప్పు ఏదైనా ఉంటే అదొక్కటే, హారన్‌కి లోబడటం.

తెల్లారి వెళ్తే వెన్నెముక, కొమ్ములు, చిరిగిన తోలు ఉన్నాయి. పెద్దాయన కూడా వచ్చి చూశాడు. టోపీ తీసి మళ్ళీ పెట్టుకుని గేటు వైపు నడిచాడు. ఫ్యాక్టరీలో ఆ తర్వాత పలకరించేవాడు, కానీ వేటకి మాత్రం పిలవలేదు. నేను చంపి వదిలేసే మనిషినని అనుకుంటూనే పోయాడు.

ఆ మధ్యాహ్నం కూడికలో సూపర్ మార్కెట్ కోడి వండారు. మా తోడల్లుడు సాక్ష్యానికి, అంటే దేవుడు తనకి చేసిన మేలు అందరికీ చెప్పడానికి, లేచాడు. "చీకట్లో కొయోటీలు చుట్టుముట్టాయి. మా తమ్ముడు వణికిపోయాడు, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేను కీర్తన చెప్పి ధైర్యం ఇచ్చి, చెయ్యి పట్టుకుని కారెక్కించాను. జింక పోతే పోయింది, తమ్ముడు దక్కాడు!" హాలంతా ప్రైజ్ ది లార్డ్ అంది. నేను లేచేలోపు పాస్టర్ అయ్యగారు పాట ఎత్తుకున్నారు. ఇంటికి వెళ్తుంటే కారు వెనక సీట్లోంచి మా ఆరేళ్ళ అబ్బాయి, "డాడీ, నువ్వు క్రై చేసావు? రియల్‌గా?" అన్నాడు. నేను మా ఆవిడ వైపు చూశాను. ఆమె రోడ్డు చూస్తోంది.

మర్నాడే వాళ్ళింటికి వెళ్ళి అడిగాను. "అది సాక్ష్యం తమ్ముడూ. భయపడింది ఎవరైతే ఏం, మహిమ దేవుడిది కదా" అన్నాడు. మహిమ దేవుడిది, మర్యాద ఆయనది, ఏడుపు నాది. వచ్చే ఆదివారం నిలబడి జరిగింది చెప్తానన్నాను. ఆ వారమంతా మా ఆవిడ బతిమాలింది. "మా అక్క మొహం చూసైనా ఊరుకోండి. ఈ దేశంలో నాకున్నది అదొక్కతే." సరే అన్నాను. కానీ నన్ను నువ్వు నమ్ముతున్నావా అని అడిగాను. "అన్నం చల్లారిపోతోంది" అంది. ఆ దశాబ్దమంతా ప్రతి నవంబరులోనూ ఆయన ఆ సాక్ష్యం చెప్పాడు. ఏటా కొయోటీలు పెరిగాయి, నేను కుంచించుకుపోయాను.

మా కోడలు ఆ వీడియో చూపించిన రెండు వారాలకి మా తోడల్లుడి ఎనభయ్యో పుట్టినరోజు కూడిక. రెండు వందల మంది, సొంత చర్చి, పెద్ద తెర. ఊరుకుంటానని నా దగ్గర మాట తీసుకున్న మా ఆవిడ పోయి ఆరేళ్ళయింది. ఆవిడ అక్కగారూ లేరు. ఆయన పిల్లలే మైకు ఇచ్చి, "బాబాయ్, ఆ కొయోటీ స్టోరీ!" అన్నారు. చెప్పాను. చేగోడీలు, ప్రార్థన, టార్చ్, హారన్, ఒక్కటీ వదల్లేదు. హాలు పగలబడి నవ్వింది. ముందు వరసలో ఆయన అందరికన్నా ఎక్కువ నవ్వి, కళ్ళు తుడుచుకుని, "భయపడ్డాను తమ్ముడూ! భయపడనా మరి? అప్పుడే చెప్పకపోయావా?" అన్నాడు.

ఆ ఒప్పుకోలు కోసమే నేను నలభై ఏళ్ళు కాచుకు కూర్చున్నాను. తీరా అది చేతికి వచ్చేసరికి, చుట్టూ ఉన్నవాళ్ళకి ఇద్దరు ముసలాళ్ళలో ఎవరు భయపడినా ఒకటే నవ్వు. ఆ పెద్దాయన లేడు, ఆ అయ్యగారు లేరు. మా ఆవిడ ఎవరి మాట నమ్మిందో చెప్పకుండానే వెళ్ళిపోయింది. కాలం నిజాన్ని బయటపెడుతుందని అంటారు. పెట్టింది. వినవలసినవాళ్ళందరినీ ముందు పంపించేసి, ఆ తర్వాత పెట్టింది.