గరుకు మూర్తి గారు

మా ఇంజనీరు నరసింహమూర్తి గారికి నున్నటిది ఏది కనిపించినా ఒళ్లు మంట. శంషాబాద్ దగ్గర తొండుపల్లిలో మేం గోదాము కడుతున్న రోజులవి, 2011. సైటులో ఆయన చేయి తగలని వస్తువు లేదు. తడిమి చూసి, గరుకుగా ఉంటే "భేష్" అనేవారు. నున్నగా ఉంటే దాన్ని చేసినవాడికి ఆ పూట మూడినట్టే.

ఇంట్లోనూ అదే వరస. "పచ్చడి కచ్చాపచ్చాగా ఉంటేనే అన్నాన్ని పట్టుకుంటుంది వేదా!" అంటూ భార్య వేదవతి గారి మిక్సీ ఆపేసేవారట. బావమరిదిని దింపడానికి ఎయిర్‌పోర్టుకు వెళ్లి, మెరిసే నేల చూపించి, "ఇది నడవడానికా, ముఖం చూసుకోవడానికా?" అని అక్కడి సెక్యూరిటీ అతనితో తగువు పెట్టుకున్నారు. ఒకసారి మేనేజరు బట్టతల వైపు చూసి, "దీనిమీద ఏదీ నిలవదు" అని నా చెవిలో గొణిగారు. నవ్వాపుకోలేక టీ అంతా డ్రాయింగు మీద పోశాను.

పిచ్చికి లెక్క మాత్రం ఉంది. "ఝాన్సీ, పునాది అడుగు నున్నగా ఉంటే కింద ఇసుక పక్కలకు జారిపోతుందమ్మా. గరుకుగా ఉంటే పట్టి ఆపుతుంది. మోసే బలం దాదాపు రెట్టింపు!" అని రోజుకోసారి పాఠం చెప్పేవారు. నేను కొత్తగా చేరిన ఇంజనీర్ని, వినక తప్పేది కాదు.

లైటు స్తంభాల కింద పెట్టే పునాది దిమ్మెల్ని అచ్చుల్లో తలకిందులుగా పోసేవాళ్లం. పైకి కనిపించే ముఖమే రేపు ఇసుక మీద కూర్చునే అడుగు. పన్నెండు దిమ్మెలు పోసిన రోజు మూర్తి గారు సెలవు. ఫోన్ చేసి, "రఫ్‌గా వదిలెయ్యమను" అన్నారు. ఆ మాటే మేస్త్రీ మొగులయ్యకు చెప్పాను. రెండు నెలలు పని లేక కూర్చుని మా దగ్గర చేరినవాడు అతను. "ఇంకో తప్పు చేస్తే గేటు బయటే" అని మేనేజరు అప్పటికే బెదిరించి ఉన్నాడు.

మర్నాడు పొద్దున చూస్తే పన్నెండు దిమ్మెలూ ధగధగలాడుతున్నాయి. మూర్తి గారు చేయి పెడితే సర్రున జారింది.

"ఏంటయ్యా ఇది? రఫ్‌గా అన్నానుగా!"

"ఔ సార్, మీరు దయతోని రఫ్‌గ చేసినా సాలన్నరు. గట్లెట్ల జేస్త? రఫ్ పని నా చేతుల లేదు సార్. జర కష్టమైనా అద్దం లెక్క చేసిన!"

నేను అసలు సంగతి విప్పి చెప్పేసరికి అతని ముఖం వాడిపోయింది. "ఇగ నా పని పాయె మేడం" అని కూలబడ్డాడు.

మూర్తి గారు తిట్టలేదు. చొక్కా చేతులు మడిచి, ఉలీ సుత్తీ అందుకుని, "లే, నువ్వూ ఒకటి పట్టు" అన్నారు. ఎనిమిది దిమ్మెలకు గాట్లు పెట్టేసరికి మేనేజరు దిగాడు.

"నున్నగా ఎవడు చేశాడు? ఎవడు చెక్కుతున్నాడు?"

మొగులయ్య నోరు తెరిచేలోగా మూర్తి గారు అడ్డొచ్చారు. "రెండూ నేనేనండి. నున్నగా చేయమని నేనే చెప్పాను. పొద్దున్నే మనసు మారింది."

"మీకు మతిగానీ పోయిందా మూర్తి గారూ?" అంటూ మేనేజరు అందరి ముందూ అరగంట దులిపేశాడు. నున్నగా చేయమని తానే చెప్పానని ఆ నోటితో అనడం ఆయనకు ఎంత నరకమో నాకు తెలుసు. ఆయన మీద చెప్పలేనంత ప్రేమ పుట్టింది.

మేనేజరు వెళ్లాక మొగులయ్య చేతులు జోడించాడు. "నా కోసం మీ పేరు ఖరాబ్ చేసుకున్నరు సార్."

"పేరు కూడా కాస్త గరుకుగానే ఉండాలయ్యా. ఆ సుత్తి ఇటివ్వు, ఇంకా నాలుగున్నాయి."