ముప్పావు గంట సికింద్రాబాదు

కొత్త పగటి బండి మొదలైన మరుసటి వేసవిలో నన్ను రాజమహేంద్రవరం స్టేషనులో డిప్యూటీ సూపరింటెండెంటుగా వేశారు. హోదా పేరు పొడుగే గాని, సగం పని ప్లాట్‌ఫారం పక్క గదిలో కూర్చుని, బండి ఎందుకు ఆలస్యమైందని అడిగినవాళ్ళకు జవాబు చెప్పడం. అసలు కారణం మా దాకా రావడానికి టైము పట్టేది. అందాకా నేనే ఒకటి తయారుచేసేవాణ్ణి. వంతెన మీద గూడ్సు బండి ఎంత నెమ్మదిగా నడిచిందంటే, గార్డు దిగి గోదావరిలో స్నానం చేసి, పంచె ఆరబెట్టుకుని మళ్ళీ తన పెట్టె ఎక్కాడని చెప్పాను. ఒకాయన తలూపి వెళ్ళిపోయాడు. ఇంకొకాయన పంచె ఏ రంగని అడిగాడు. యాభై నాలుగో ఏట స్వచ్ఛంద విరమణ తీసుకునేదాకా ఆ పంచె నన్ను వదల్లేదు.

ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఆ గదిలోనే ఒకసారి పచ్చి నిజం చెప్పాల్సి వచ్చింది. అవతలి మనిషి నమ్మలేదు.

ఆ మనిషి ప్రసాదు. గోదావరి అవతల కొవ్వూరులో ఉంటాడు, బీమా ఏజెంటు. మామగారు సూర్యనారాయణ గారు నలభై ఏళ్ళు రేడియో రిపేరు షాపు నడిపి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నారు. పగలు కూర్చుని ఉంటే పర్వాలేదు, పడుకుంటే ఆయాసం. రాత్రి ఆక్సిజను మిషను పెట్టుకుంటేనే నిద్ర. అది మోసుకుని తిరిగే బాపతు కాదు. కాబట్టి చీకటి పడ్డాక ఎంత ఆలస్యమైనా ఇల్లు చేరి తీరాలని, రాత్రి బండి మాటే తలపెట్టవద్దని డాక్టరు గారు తేల్చేశారు. మామగారికి ఒక్కతే అక్క, మాణిక్యమ్మ గారు. సికింద్రాబాదులో లిఫ్టు లేని మూడో అంతస్తులో ఉంటారు. తుంటి ఎముక విరిగిన దగ్గర్నుంచి ఆవిడ ప్రయాణం చేయలేరు, ఈయన మెట్లెక్కలేరు. ఇద్దరూ ఒకర్నొకరు చూసుకుని ఏళ్ళయింది. ఇంకెన్నాళ్ళు ఆగినా ఇద్దరి ఒంట్లోనూ బాగుపడేదేమీ లేదు.

"పొద్దున వెళ్ళి, ప్లాట్‌ఫారం మీదే అక్కగారిని చూసుకుని రాత్రికి వచ్చేయడం కుదురుద్దాండి?" అని అడిగాడు ప్రసాదు.

పగటి బండి మా దగ్గర ఎనిమిదింటి ప్రాంతంలో బయలుదేరి రెండు దాటాక సికింద్రాబాదు చేరుతుంది. మూడింటికి తిరుగు బండి. మధ్యలో ముప్పావు గంట. కుదురుతుందన్నాను.

"ఎలాగండీ? వెళ్ళేది గంట లేటయితే తిరుగు బండి వెళ్ళిపోద్ది. మావయ్యగారు అక్కడ ఉండిపోతారు. రాత్రికి ఆయాసం వస్తే నేనేం చెయ్యాలి?"

"వెళ్ళిపోదండి. మీరు దిగిన బండే తిరిగి రావాలి. అది చేరకుండా ఎలా బయలుదేరుద్ది?"

కలిపి నడిపే పెట్టెల వరుసను మేము రేకు అంటాం. ఏ రేకు ఏ బండిగా వెళ్ళి ఏ బండిగా తిరిగి రావాలో ముందే ముడిపెట్టి ఉంచుతాం. దాన్ని రేకు లింకు అంటారు. పోయే బండికో నెంబరు, వచ్చే బండికో నెంబరు ఉంటాయి గనక ప్రయాణికుడి లెక్కకు అవి రెండు బళ్ళు. మాకు ఒక్కటే. ఇదంతా ఓపిగ్గా చెప్పాను. ప్రసాదు విని, లేచి, గుమ్మం దగ్గర ఆగాడు.

"మాస్టారూ, గార్డుగారి పంచె ఆరిందాండి?"

కోపం తెచ్చుకునే హక్కు నాకు లేదు. పెట్టె పక్కన నెంబరు రాసి ఉంటుంది, పొద్దున బండికి ఫోటో తీసుకుని సాయంత్రం వచ్చే బండితో సరిచూసుకోమన్నాను. నిజంగానే వంతెన దాటి వచ్చి చూసుకున్నాడు. మరో రోజు కూడా వచ్చాడు.

"మీరేదో చెప్పి అవే పెట్టెలు పంపించలేదు గదా?"

అంత పలుకుబడి ఉంటే నేను ఈ గదిలో ఎందుకుంటానన్నాను. అప్పుడు నవ్వాడు. ఎప్పుడైనా ఒక రేకు చెడితే బదులు ఇంకోటి పెడతారని, ఆ ప్రమాదం మాత్రం ఉందని కూడా చెప్పాను. నేను చెప్పినవాటిలో అతను వెంటనే నమ్మింది అదొక్కటే. రెండువైపులా ఒకే పెట్టెలో సీట్లు తీసుకోమన్నాను. దిగినచోటే మళ్ళీ ఎక్కవచ్చు. అక్కగారి కుర్చీ సరిగ్గా ఆ పెట్టె ఎదురుగా వేయిస్తే ఎవరూ నడవక్కర్లేదు.

వెళ్ళిన రోజు కాజీపేట దాటాక బండి ఆగిపోయింది. ప్రసాదు ఫోను చేశాడు.

"మూడవుతోందండి. ఇంకా ఊరి బయటే ఉన్నాం. ఇక దిగడం, ఎక్కడం అంతే. ఆవిణ్ణి మనవలు కుర్చీతో సహా మూడంతస్తులూ దింపి తెచ్చారంట."

బండి చేరాక పెట్టెలు ఊడవాలి, నీళ్ళు పట్టాలి, బ్రేకులు పరీక్షించాలి. ఎంత తొందరపడినా అరగంట తప్పదు. గడియారం వంక చూడవద్దు, చీపుర్ల వంక చూడమన్నాను. ఊడ్చేవాళ్ళు దిగేదాకా అది కదలదు.

మర్నాడు ప్రసాదు స్వయంగా గదికి వచ్చి మిగతాది చెప్పాడు. తమ్ముణ్ణి చూడగానే ఆవిడ అన్న మొదటి మాట, "ఏరా, ఊరందరి రేడియోలూ బాగుచేశావు. నీ ఊపిరి బాగుచేసుకోలేకపోయావేంట్రా?"

"నీ తుంటికి స్పేరు దొరికిందా అక్కా?" అన్నారట ఈయన.

ఆవిడ ఒళ్ళోంచి ఒక పాత రేడియో తీసి, నువ్విచ్చిందే, మూగబోయింది అంటూ చేతిలో పెట్టారు. ఆయన వెనక మూత ఊడదీసి, అరగంటా అందులోకే చూస్తూ కూర్చున్నారు. ఆవిడ ఆయన్ని చూస్తూ కూర్చున్నారు. చీపుర్లు దిగాయి.

"ఇంటికి చేరేసరికి పదిన్నర. మిషను పెట్టుకుని హాయిగా పడుకున్నారండి," అన్నాడు ప్రసాదు. తర్వాత కొంచెం ఇబ్బందిగా, "ఆ రేడియో వెంట తెచ్చేశారు. బాగయ్యాక తనే వెళ్ళి ఇవ్వాలంట. ఒకే పెట్టెలో రెండువైపులా సీట్లు చూస్తారా?" అన్నాడు.

చూశాను.

ఒక్క రోజులో ఫలానా ఊరు వెళ్ళి రావచ్చా అని ఎవరడిగినా, అంతకుముందు నేను బండి వేళలు చెప్పేవాణ్ణి. ఆ తర్వాత, అక్కడ ఎంతసేపు కావాలని ముందు అడగడం అలవాటు చేసుకున్నాను. ముప్పావు గంట చాలనేవాళ్ళు నేననుకున్న దానికంటే ఎక్కువమందే ఉన్నారు. నా మాట నమ్మమని కూడా ఎవరినీ అడగలేదు, పెట్టె మీది నెంబరు చూసుకోమనేవాణ్ణి.

గార్డు పంచె విషయంలో మాత్రం చూపించడానికి నెంబరేదీ లేదు. అది తెల్ల పంచె.